మెట్లు లేని మామిడిపిందె

ఆ ఏడాది చేనేత శాఖ డైరెక్టరు దొరగారు పొరుగు రాష్ట్రంలో జరిగిన ఒక చీరల ప్రదర్శనకు వెళ్లారు. వేదిక వెనక గోడంత ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ఏనుగంత మామిడిపిందె. ఎవరో వేలెడంత బొమ్మను తెచ్చి అంత పెద్దది చేయడంతో, పిందె ఒంపంతా మెట్లు మెట్లుగా విరిగిపోయింది. ముందు వరసలో కూర్చున్న అతిథి ఒకాయన, "మీ మామిడిపిందె ఎక్కి దిగడానికి వీలుగా ఉందండీ" అన్నాడట. అందరూ నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు.

తిరిగొచ్చిన మూడో రోజున ఉత్తర్వు వచ్చింది.

"ఇకమీదట శాఖకు సమర్పించు ఏ చీర నమూనా చిత్రమునందైనను, ఎంత పెద్దది చేసి చూచినను, ఒంపుల వెంబడి మెట్లు కనిపించరాదు. మెట్లు కనిపించిన నమూనాకు ఆమోదము లేదు. ఆమోదము లేని నమూనాకు పట్టు లేదు."

ఉత్తర్వు ఒక్కటే వస్తే బాగుండదని ప్రతి చేనేత సంఘానికీ ఒక కంప్యూటరు, అందులో గీతలతో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు పంపారు. అది కూడా చాలదని జిల్లాకొక సహాయ నునుపు అధికారిని వేశారు.

నూలుపేట సంఘంలో శాఖ ఇచ్చే పట్టు దారంతో నడిచేవి ఇరవై రెండు మగ్గాలు. ఆ ఇరవై రెండింటికీ డిజైను గీసేది చౌడప్ప. మూడో తరగతి వాచకం సగంలో ఉండగా వాళ్ల నాయన బడి మాన్పించి గ్రాఫు కాగితం ముందు కూర్చోబెట్టాడు. యాభై ఎనిమిదేళ్లుగా ఆయన గడులు నింపుతూనే ఉన్నాడు. గడి నింపితే జాకార్డు అట్టకు రంధ్రం పడుతుంది. రంధ్రం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది. గడి ఖాళీగా వదిలితే రంధ్రం లేదు, దారం లేవదు. లోకంలో చౌడప్పకు తెలిసిన సంగతులు ఈ రెండే. అందుకేనేమో మాట కూడా అట్లాగే. ఏదైనా అడిగితే "ఊ" అంటాడు. లేకపోతే అనడు.

గడులతో ఒంపు గీయడమంటే మెట్లు కట్టడమే. మూడు గడులు పక్కకు, ఒకటి పైకి. రెండు పక్కకు, ఒకటి పైకి. ఒకటి పక్కకు, రెండు పైకి. చీర కట్టుకున్న మనిషి నాలుగడుగుల దూరంలో నిలబడితే మెట్లు మాయమై ఒంపు మిగులుతుంది. నూలుపేటలో ఉయ్యాలలో పిల్లకు కూడా తెలిసిన ముచ్చట ఇది. శాఖకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అన్నం నోటితో తినాలని శాఖకు చెప్పాలని ఎవరికి తోస్తుంది?

జ్యేష్ఠం మొదట్లో, శ్రావణం సీజనుకు చౌడప్ప కొత్త మామిడిపిందె గీశాడు. సంఘం గుమాస్తా షాహీన్ దాన్ని గడికి ఒక చుక్క చొప్పున కంప్యూటరులో ఎక్కించి శాఖకు పంపింది. వారం తిరక్కుండా జవాబు వచ్చింది.

"మెట్ల సంఖ్య: 1,116. ఆమోదము నిరాకరించడమైనది. మెట్లు తొలగించి పునఃసమర్పించవలెను. ఆషాఢ మాసాంతములోగా ఆమోదము పొందని యెడల సదరు సంఘపు పట్టు వాటా రద్దగును."

షాహీన్ చదివి వినిపించింది. చౌడప్ప విన్నాడు. పక్కన మగ్గం గుంటలో కూర్చున్న ఆయన భార్య ఓబుళమ్మ ఊరుకోలేదు.

"లెక్క పెట్టినారంట సూడు! పదకొండు నూర్ల పదారు! మన పెళ్లినాడు చదివింపులు కూడా అంత శ్రద్ధగా రాసుకోలేదు గదయ్యా!"

చౌడప్ప గ్రాఫు కాగితం మీద వేలు జరుపుతూ మెట్లు లెక్క పెడుతున్నాడు.

"ఏమప్పో, నోట్లో దారముండ ఉండాదా? ఏదో ఒకటి అను!"

"లెక్క సరిగ్గానే ఉండాది" అన్నాడు చౌడప్ప.

ఆ సాయంత్రం కంబగిరి వచ్చాడు. సంఘంలో వాడి మగ్గమంత చురుకైన మగ్గం ఇంకొకటి లేదు. చౌడప్ప గీసిన డిజైను చేతికందితే, ఆయన ఎక్కడ ఊపిరి పీల్చుకున్నాడో కూడా గుడ్డలో చూపించగలడు. "మామా, ఆషాఢం ఆఖరు దినం దంకా సూస్తా. పట్టొచ్చిందా, మగ్గమెక్కుతా. రాలేదా, బెంగుళూరు బస్సెక్కుతా. ఆడ బట్టల ఫ్యాక్టరీలో మా బామ్మర్ది ఉండాడు. ముగ్గురం పోతాం. మేం పోతే ఇంకో పదిమంది యనకాలే వస్తారు."

"ఊ" అన్నాడు చౌడప్ప. ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు.

మరునాడు షాహీన్‌ను వెంటబెట్టుకుని జిల్లా కేంద్రానికి పోయాడు.

సహాయ నునుపు అధికారి పేరు విరూపాక్షరావు. అంతకుముందు కోళ్ల శాఖలో గుడ్లు గ్రేడింగు చేసేవాడు. గుండ్రని వస్తువులతో అనుభవం ఉందని ఇక్కడికి తెచ్చారు. బల్ల మీద మూడు సైజుల భూతద్దాలు, గోడ మీద "నునుపే నాణ్యత" అని బోర్డు. బోర్డు అక్షరాలు మాత్రం పెయింటరు చేత్తో రాసినవి.

"కూర్చోండి పెద్దాయనా. మీ సమస్య ఏమిటో నేను చూపిస్తాను" అంటూ ఆయన కంప్యూటరు తెరిచాడు. తెర మీద మామిడిపిందె ముద్దుగా ఉంది. "ఇది వంద శాతం. ఏమైనా కనబడుతోందా?"

"మామిడిపిందె సార్" అంది షాహీన్.

"తొందరపడకండి. ఇది నాలుగు వందల శాతం. ఇది పదహారు వందలు. ఇదిగో, ఆరువేల నాలుగు వందల శాతం!" తెరంతా ఒకే ఒక్క ఎర్ర చదరం నిండింది. ఆయన వెనక్కి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పండి. ఇది మామిడిపిందెనా?"

"కాదు సార్" అన్నాడు చౌడప్ప. "దారం."

"అదీ! మీరే ఒప్పుకున్నారు."

"సార్, ఆరువేల నాలుగు వందల శాతం పెద్ద చేసి చీర ఎవురు కట్టుకుంటారు?" అని అడిగింది షాహీన్.

"చూడమ్మా. చీర ఎవరు కట్టుకుంటారన్నది అమ్మకాల విభాగం పరిధి. ఎవరూ కట్టుకోకపోతే అది గోడౌను విభాగం పరిధి. నా పరిధి ఒంపు. ఒంపు మీద మెట్టుందా, లేదా? ఉంది. కాబట్టి లేదు."

"ఏం లేదు సార్?"

"ఆమోదం."

చౌడప్ప గొంతు సవరించుకున్నాడు. బస్సులో గంటన్నర సేపు కూడగట్టుకున్న మాట ఒకటుంది. "దారం వంగదు సార్. నిలువుదొకటి, అడ్డందొకటి. లేస్తాది, లేదా పండుకుంటాది."

విరూపాక్షరావు ఆయన వైపు జాలిగా చూశాడు. "పెద్దాయనా, వంగనిదాన్ని వంచడానికేనయ్యా ప్రభుత్వం ఒక శాఖ పెట్టింది. తనంతట తానే వంగేదైతే మేమెందుకు?" అని, షాహీన్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "బొమ్మ పూర్తిచేసి బయటికి తీసేటప్పుడు ఒక చిన్న గడి కనిపిస్తుంది. 'అంచులు నునుపు చేయి' అని ఉంటుంది. దాంట్లో టిక్కు పెట్టండి. శాఖ భవిష్యత్తంతా ఆ టిక్కులో ఉందమ్మా."

షాహీన్ ఊరికి వచ్చి, మామిడిపిందెను గడులతో కాకుండా సాఫ్ట్‌వేరులోని వంపు గీతతో మళ్లీ గీసింది. టిక్కు పెట్టి బొమ్మను బయటికి తీసింది. చౌడప్పను పిలిచి చూపించింది. మెట్లు కనిపించలేదు. పిందె మీద వెన్న రాసినట్టుంది.

"మాయ తాతా ఇది. మెట్టు యాడికీ పోలేదు. ఎరుపుకూ తెలుపుకూ నడిమధ్యన గులాబీ చుక్కలు పెడ్తాది. కొన్ని ముదురు, కొన్ని లేత. కంటికి నున్నగా కనపడ్తాది."

చౌడప్ప తెరకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. "ఆ గులాబీ దారం లేస్తాదా, లేవదా?"

షాహీన్ బొమ్మను శాఖకు పంపేసింది. శాఖ దగ్గర ఆ ప్రశ్న లేదు. నాలుగు రోజుల్లో ఆమోదం వచ్చింది. "నునుపు సూచిక: 94. అభినందనలు." దాంతోపాటు జానెడు గుడ్డకు సరిపడా పట్టు వచ్చింది. నేసిన జానెడు గుడ్డ ఆమోదించిన చిత్రానికి చుక్క చుక్కకూ సరిపోతే, ఇరవై రెండు మగ్గాలకూ పట్టు ఇస్తారట. ఒక్క చుక్క తేడా వచ్చినా ఇవ్వరట.

బొమ్మ, జాకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టే మస్తానయ్య దగ్గరికి పోయింది. మస్తానయ్య కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఏందప్పా చౌడప్పా ఇది? ఎర్రదైతే రంధ్రం కొడ్తా. తెల్లదైతే ఇడుస్తా. నడిమధ్యన ఈ సిగ్గుపడిన చుక్కల్నేం చెయ్యమంటావ్?"

"ఎన్నుండాయి?"

"రంగులు లెక్కబెట్టినా. యాభై తొమ్మిది. అసలైన ఎరుపొకటి, అసలైన తెలుపొకటి తీసేస్తే, యాభై ఏడు రకాల సిగ్గు."

ముదురువి కొట్టి లేతవి విడిచిపెడదామంటే మళ్లీ మెట్లే వస్తాయి. ఆమోదించిన చిత్రానికి తేడా వస్తుంది. ఏం చేయాలో చెప్పమని షాహీన్ శాఖకు జాబు రాసింది. ఇంత చిన్న ప్రశ్నకు పెద్దవాళ్లు నవ్వి ఊరుకుంటారనీ, 'మీకు తెలిసినట్టు చేసుకోండి' అంటారనీ అనుకుంది. ఆమెది చిన్న వయసు.

తొమ్మిదో రోజున జవాబుతోపాటు ఒక కొయ్యపెట్టె వచ్చింది.

"సదరు గులాబీ చుక్కల విషయమై నిపుణుల సంఘము మూడు పర్యాయములు సమావేశమై తీర్మానించినదేమనగా, ఎరుపునకు పూర్తి రంధ్రము, తెలుపునకు శూన్య రంధ్రము ఉండగా, గులాబీకి సదరు గులాబీతనపు నిష్పత్తిలో రంధ్రము వేయుట న్యాయము. ఇందు నిమిత్తము యాభై ఏడు పరిమాణముల పంచ్‌లు ఉచితముగా సరఫరా చేయడమైనది."

మస్తానయ్య పెట్టె తెరిచాడు. వరసగా యాభై ఏడు పంచ్‌లు. అన్నిటికన్నా పెద్దది మామూలు పంచ్‌కన్నా వెంట్రుకవాసి తక్కువ. అన్నిటికన్నా చిన్నది చీమ కూడా తల వంచుకుని దూరాల్సినంత. ముప్ఫై ఏళ్లు ఒకే పంచ్‌తో బతికిన మనిషి ఆ పెట్టె ముందు కూర్చుని, "నేనేం పాపం చేసినానప్పా" అన్నాడు. అయినా ఆరు రోజులు కూర్చుని కొట్టాడు.

అట్టలు ఓబుళమ్మ మగ్గానికి ఎక్కించారు. సంఘమంతా చూడ్డానికి వచ్చింది. ఓబుళమ్మ కాలితో తొక్కింది. జాకార్డు సూదులకు నిష్పత్తులు తెలియవు. రంధ్రంలో దూరితే దూరుతాయి, లేకపోతే లేదు. గులాబీ రంధ్రాల్లో ఒక్క సూదీ దూరలేదు. పెద్దవాటిలో కొన్ని మాత్రం అట్ట చింపుకుని సగంలో ఇరుక్కున్నాయి. వాటి దారాలు సగం లేచి, లేవాలో పడుకోవాలో తెలియక గాలిలో వణికాయి.

"ఇదో, ఇట్ల సూడండి!" అని అరిచింది ఓబుళమ్మ. "ఈ సగం లేచిన దారం కిందనుంచి నాడె పోవల్నా, పైనుంచి పోవల్నా? ఎవురన్నా సెప్పండి!"

అడ్డదారం మోసే నాడె తన దారి తాను చూసుకుని, సగం లేచిన దారాలన్నిటినీ తెంపుకుంటూ పోయింది. జానెడు గుడ్డ పూర్తయ్యేసరికి మామిడిపిందెకు ముక్కు పోయింది, పొట్ట లోపలికి పోయింది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఎండుమిరపకాయలా ఉంది.

"చట్నీకి పనికొస్తాది మామా" అన్నాడు కంబగిరి. ఎవరూ నవ్వలేదు. వాడు కూడా నవ్వలేదు.

ఎండుమిరపకాయ శాఖకు పోయింది. శాఖ దాన్ని చిత్రంతో పోల్చి చూసింది. తప్పు పంచ్‌లది కాదని తేలింది. చిత్రం నునుపు తొంభై నాలుగు, కాబట్టి తప్పు చిత్రానిది కూడా కాదు. ఇక మిగిలింది నేతగాళ్లే. "సగము లేపుటయందు నేతగాళ్లకు నైపుణ్యము కొరవడినది" అని రాసి, రెండు రోజుల శిక్షణ శిబిరం పెట్టారు.

శిబిరానికి విరూపాక్షరావు స్వయంగా వచ్చాడు. సంఘం పందిట్లో బ్యానరు కట్టారు. ఆయన ఒక కోణమానిని ఓబుళమ్మ మగ్గం కింద, కాలితో తొక్కే పలక పక్కన బిగించాడు.

"అమ్మా, ఇంతవరకు మీరు తొక్కితే పూర్తిగా తొక్కుతున్నారు. అది మొరటు పద్ధతి. ఇప్పుడు ముప్ఫై ఏడు శాతం తొక్కండి."

ఓబుళమ్మ తొక్కింది.

"అది నలభై ఒకటి. కొంచెం తగ్గించండి."

"సార్, మీరు ముప్ఫై ఏడు శాతం కూసోని సూపించండి. నేను సూసి నేర్చుకుంటా."

"అంటే?"

"కుర్చీ మీద పూర్తిగా కూసోగూడదు. పూర్తిగా నిలబడగూడదు. రెండు దినాలు."

పందిరి ఘొల్లుమంది. విరూపాక్షరావు కూడా మర్యాదకు కాస్త నవ్వాడు. బహుశా ముప్ఫై ఏడు శాతం. శిబిరం ముగింపులో అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చాడు. "సగం లేపుటయందు ప్రావీణ్యము పొందినారు" అని ఉంది. దారాలకు మాత్రం ధ్రువపత్రాలు ఇవ్వలేదు. అందుకని అవి ఎప్పటిలాగే లేస్తే లేచాయి, లేకపోతే లేదు.

ఇంతలో రాజధానిలో శాఖ వార్షికోత్సవం జరిగింది. ఉత్తమ నమూనా బహుమతి నూలుపేట మామిడిపిందెకు వచ్చింది. బహుమతి పుస్తకంలో వేయడానికి చీర ఫోటో పంపమన్నారు. చీర నేయలేదని షాహీన్ రాసింది. అయితే ఆ చిత్రాన్నే వేస్తామని జవాబు వచ్చింది. వేశారు కూడా. చీర లేకపోవడం వల్ల నునుపుకు ఏ లోపమూ రాలేదు.

ఆషాఢం ఇంకా ఆరు రోజులుంది. మూడు ఇళ్లవాళ్లు అప్పటికే మగ్గం దారాలు విప్పి, తలుపులకు తాళాలు వేసి బెంగుళూరు వెళ్లిపోయారు. ఖాళీ పడిన మగ్గం గుంటల్లో పిల్లులు ఈనాయి. కంబగిరి రేకుపెట్టె అరుగు మీదికి వచ్చి కూర్చుంది. వాడు మాత్రం ఇంకా బస్సెక్కలేదు. మాటిచ్చిన రోజు వరకు ఆగుతానన్నాడు కాబట్టి ఆగాడు. రోజుకు రెండుసార్లు చౌడప్ప గుమ్మం ముందు నుంచి ఊరికే నడిచిపోతున్నాడు. ఏమీ అడగడు.

అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అడగకపోయేసరికి చౌడప్పకు అన్నం దిగలేదు. పొద్దున్నే లేచి మామిడిపిందె గ్రాఫు కాగితం చుట్టి చంకలో పెట్టుకుని షాహీన్ దగ్గరికి పోయాడు.

"అమ్మాయ్" అన్నాడు. ఆమె తల ఎత్తి చూసింది. ఆయన తనంతట తాను మాట మొదలుపెట్టడం ఆమె అంతకుముందెన్నడూ వినలేదు. "ఆ సాఫ్ట్‌వేరుతో సదరం గీస్తే గులాబీ వస్తాదా?"

"సదరమా? నాలుగు మూలల సదరమా?" షాహీన్ గీసి చూసింది. కొంచెం జరిపితే పక్కన గులాబీ గీత వచ్చింది. సరిగ్గా గడి గీతల మీద కూర్చోబెడితే పోయింది. టిక్కు పెట్టినా, తీసినా ఒకటే. "గడిలో గడి సరిగ్గా కూసుంటే రాదు తాతా. నునుపు చేసేదానికి అక్కడ వంపేముంది?"

"ఎంత పెద్దది చేసినా?"

"ఎంత పెద్దది చేసినా గీత గీతే."

చౌడప్ప గ్రాఫు కాగితం ఆమె ముందు పరిచాడు. "గియ్యి."

"మళ్లీ మామిడిపిందేనా? మెట్లున్నాయని కొట్టేస్తారు గద తాతా!"

"గియ్యి."

షాహీన్ రెండు రోజులు కూర్చుని గడి గడికీ ఒక చదరం పెట్టుకుంటూ పోయింది. మూడో కట్ట కాగితపు టీ కప్పులు చెత్తబుట్టలోకి పోయేసరికి పని పూర్తయింది. దరఖాస్తులో ఒక ఖాళీ ఉంది. నమూనా పేరు. షాహీన్ అలవాటుగా 'మా' అని కొట్టింది. చౌడప్ప ఆమె చేయి పట్టుకుని ఆపాడు.

"మెట్లు" అన్నాడు.

"ఏమిటి?"

"డిజైను పేరు. మెట్లు."

షాహీన్ ఆయన ముఖం చూసింది. తర్వాత తెర చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సమయం లేదని ఇద్దరూ స్వయంగా జిల్లా కేంద్రానికి పోయారు. విరూపాక్షరావు ఫైలు తెరిచాడు. అలవాటు ప్రకారం ఒక్కసారిగా ఆరువేల నాలుగు వందల శాతానికి పోయాడు. మెట్టు కనిపించింది. కత్తితో కోసినట్టున్న మెట్టు. పక్కకు జరిపాడు. ఇంకో మెట్టు. అదీ అట్లాగే ఉంది. ఒక్కచోట కూడా చెదరలేదు, చిరగలేదు, మసకబారలేదు.

"ఇందులో అన్నీ మెట్లే ఉన్నాయి" అన్నాడు కనుబొమలు ముడిచి.

"మెట్ల డిజైనే సార్" అంది షాహీన్. "పేరు పైన ఉంది."

ఆయన పేరు చూశాడు. లేచి బీరువాలోంచి ఉత్తర్వు తీసి చదివాడు. ఒంపుల వెంబడి మెట్లు ఉండరాదు. మరి ఇందులో ఒంపే లేదు. ఎక్కడ చూసినా నిలువు, అడ్డం. ఒంపు లేనప్పుడు దాని వెంబడి మెట్లెక్కడివి? ఆయన కాసేపు ఫ్యాను వైపు చూశాడు. తర్వాత ఆయన ముఖం వెలిగింది.

"పెద్దాయనా! మీ పాత నమూనాలో మెట్లు ప్రమాదవశాత్తు వచ్చినవి. ఇందులో మెట్లు ఉద్దేశపూర్వకమైనవి. ప్రమాదవశాత్తు మెట్టు దోషం. ఉద్దేశపూర్వక మెట్టు కళ. ఈ తేడా తెలుసుకోవడానికే శాఖ మీకు శిక్షణ ఇచ్చింది." తెర వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. "ఎంత నునుపైన మెట్లయ్యా! నా ఉద్యోగంలో ఇలాంటి మెట్టు చూడలేదు."

నునుపు సూచిక నూటికి నూరు వేశాడు. శాఖ చరిత్రలో అదే మొదటిసారి. జానెడు గుడ్డకు పట్టు అక్కడికక్కడే ఇచ్చాడు.

మస్తానయ్య పెట్టెలో పంచ్‌లు పెట్టెలోనే ఉంచి, తన పాత పంచ్ తీశాడు. ఓబుళమ్మ నూటికి నూరు శాతం తొక్కింది. జానెడు గుడ్డ చుక్క చుక్కకూ సరిపోయింది. ఆషాఢం ఇంకొక్క రోజు ఉందనగా పట్టు వచ్చింది. ఇరవై రెండు మగ్గాలకు వచ్చింది, పంతొమ్మిది మగ్గాలు ఆడాయి. కంబగిరి రేకుపెట్టె లోపలికి తీసుకుపోయేటప్పుడు చౌడప్ప ఇంటివైపు చూసి చేయెత్తాడు. చౌడప్ప "ఊ" అన్నాడు.

శ్రావణం రెండో వారంలో చీరలు దిగాయి. శాఖ ముద్ర పడితేగానీ అవి ఊరు దాటవు. ముద్ర వేయడానికి విరూపాక్షరావు వచ్చాడు. సంఘం హాలులో తాడు కట్టి, పంతొమ్మిది చీరలూ వరసగా ఆరవేశారు. నేతగాళ్లంతా గోడవారన నిలబడ్డారు.

విరూపాక్షరావు గుమ్మంలో కాలు పెట్టాడు. ఆగిపోయాడు.

"ఇదేమిటి?"

"చీరలు సార్" అంది షాహీన్.

"చీర మీద ఏమిటి?"

గుమ్మం దగ్గర నుంచి చూస్తే పంతొమ్మిది చీరల మీదా మామిడిపిందెలు నిగనిగలాడుతున్నాయి. ఒంపు దగ్గర ఒంపు, ముక్కు దగ్గర ముక్కు.

"ఆమోదించింది మెట్ల నమూనా. ఇక్కడ మామిడిపిందె కనబడుతోంది! మామిడిపిందె తిరస్కరించిన నమూనా. తిరస్కరించిన నమూనా నేస్తే పరిణామమేమిటో తెలుసా? చీరలు స్వాధీనం, సంఘం రద్దు! ఇది శాఖను మోసగించడం!" ఆయన సంచిలోంచి కాగితం తీశాడు. పెన్ను మూత తీశాడు.

కంబగిరి ముఖం పాలిపోయింది. ఓబుళమ్మ నోరు తెరిచింది. చౌడప్ప ఆమె మోచేయి పట్టుకున్నాడు. ముందుకు నడిచి విరూపాక్షరావు పక్కన నిలబడ్డాడు.

"దగ్గరికి రాండి సార్" అన్నాడు.

"ఏమిటి?"

"అంత దూరం నుంచి రాసేస్తారా? దగ్గరికి రాండి."

విరూపాక్షరావు రెండడుగులు వేశాడు.

"ఇంగా దగ్గరికి."

ఆయనకు పౌరుషం వచ్చింది. దగ్గరగా చూడడంలో ఆయనకు ఎదురెవరు? సంచిలోని భూతద్దాలలో పెద్దది తీసి, మొదటి చీర మీద ముక్కు ఆనించాడు. నిలువు. అడ్డం. మెట్టు. పక్కన ఇంకో మెట్టు. ఎంత వెతికినా మామిడిపిందె జాడ లేదు. రెండో చీరకు పోయాడు. అందులోనూ లేదు. ఆయన మూడు భూతద్దాలూ మార్చి మార్చి చూస్తుంటే, జనం ఆయన మెడ వెనకభాగం చూస్తూ నిలబడ్డారు.

"మామిడిపిందె ఉండాదా సార్?" అని అడిగాడు చౌడప్ప.

"లేదు" అన్నాడు విరూపాక్షరావు చీర లోపలి నుంచి.

"మెట్లు?"

"ఉన్నాయి. పదకొండు వందల పదహారు. చాలా నునుపుగా ఉన్నాయి."

"అట్లే రాయండి సార్. తల ఎత్తకుండా రాయండి."

విరూపాక్షరావు చీరకు ఆనుకునే కాగితం పెట్టుకుని రాశాడు. "నిర్ణీత దూరమున పరిశీలించగా మామిడిపిందె లేదని నిర్ధారణ అయినది. ద్వారము వద్ద కనబడినది చీరయందలి దోషము కాదు, ద్వారము యొక్క దూరము వలన కలిగిన దోషము." ఆ మాట రాశాక ఆయనకే ఎంతో తృప్తి కలిగింది. షాహీన్ ముద్ర అందించింది. ఒక్కొక్క చీర దగ్గరికీ ముక్కు ఆనించుకునే జరుగుతూ పోయి పంతొమ్మిది ముద్రలూ వేశాడు.

చివరి ముద్ర పడగానే కంబగిరి చీరలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టాడు. విరూపాక్షరావు సంచి సర్దుకుని, గోడవైపు తిరిగి, గోడ పట్టుకుని పక్కకు నడుస్తూ గుమ్మం దాకా వెళ్లాడు. వీధిలోకి దిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మళ్లీ రాయాల్సి వచ్చేది.